పార్సెల్‌లో రావలసిన పాత రైఫిలు

ఇంకా రాలేదండీ. కాగితాలు పంపాను, డబ్బు కట్టాను, అందాయని అమ్మేవాళ్లు కబురు చేశారు. ఇక ఎదురు చూడటమే మిగిలింది. మా అక్క తణుకు నుంచి ఫోను చేసినప్పుడల్లా, “ఒరే, ఆ తుపాకీ వచ్చిందా? అసలు నీకెందుకురా అది?” అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. రెండోదానికి తీరిగ్గా కూర్చోవాలి. మీరూ ఇలా హీటరు దగ్గరికి జరగండి, ఒహాయోలో ఈ రోజుల్లో చలి ఎముకల్లోకి దిగుతుంది.

నేను అడిగింది ఎం1 గారండ్ అనే రైఫిలు. అమెరికా సైన్యం 1936లో దీన్ని తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ, కొరియా యుద్ధంలోనూ వాళ్ల పదాతి సైనికుడి ముఖ్య ఆయుధం ఇదే. అప్పట్లో మిగతా దేశాల సిపాయిలు చాలామంది ఒక్కో గుండు పేల్చాక బోల్టు వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్లీ గురి చూసుకునేవారు. గారండ్‌తో ఆ అవసరం లేదు. గుండు వెంట వచ్చే వేడి వాయువే ఒక కడ్డీని వెనక్కి నెట్టి, ఖాళీ తొడుగును బయట పారేసి, కొత్త గుండును ఎక్కిస్తుంది. ఎనిమిది గుండ్లను ఒక ఇనుప క్లిప్పులో పేర్చి, క్లిప్పుతో సహా పైనుంచి లోపలికి నొక్కుతారు. ఎనిమిదోది పేలగానే ఖాళీ క్లిప్పు ‘టింగ్’మంటూ పైకి ఎగిరి పడుతుంది. ఆ చప్పుడు వినగానే శత్రువు లేచి కాల్చేవాడని ఒక కథ ఉంది. చుట్టూ ఫిరంగులు మోగుతుంటే అంత చిన్న చప్పుడు ఎవరి చెవిన పడుతుంది? నేనైతే నమ్మను.

దీన్ని తయారుచేసిన జాన్ గారండ్ కూడా వలస వచ్చినవాడే. 1888లో కెనడాలోని క్విబెక్‌లో, సెయింట్ రెమీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పిల్లవాడిగా ఉండగానే కుటుంబం అమెరికా వచ్చింది. బట్టల మిల్లులో నేల ఊడ్చే పనికి కుదిరి, అక్కడి మెకానిక్కుల పక్కన నిలబడి యంత్రాల గుట్టు నేర్చుకున్నాడు. తర్వాత మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో జీతానికి చేరి, ఏళ్ల తరబడి ఈ ఒక్క రైఫిలు మీదే కూర్చున్నాడు. దాని హక్కులు ప్రభుత్వానికి రాసిచ్చేశాడు. ఆయన గీసిన నమూనాతో యాభై లక్షలకు పైగా రైఫిళ్లు తయారయ్యాయి. రాయల్టీగా ఆయనకు ఒక్క డాలరూ రాలేదు. లక్ష డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌లో బిల్లు పెడితే అదీ గట్టెక్కలేదు. 1974లో ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కన్నుమూశాడు. పొట్ట చేత పట్టుకుని ఈ దేశం వచ్చినవాణ్ణి కనుక, ఆ మనిషి కథ చదివిన రోజున నాకు కళ్లు చెమర్చాయి. ఆయన చేతిపనిలో ఒక్కటైనా నా ఇంట్లో ఉండాలనిపించింది. అక్క రెండో ప్రశ్నకు సగం జవాబు అది.

ఇక ఇది ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. పౌరులకు గురి నేర్పితే యుద్ధం వచ్చినప్పుడు పనికొస్తారని 1903లో అమెరికా కాంగ్రెస్ ఒక జాతీయ బోర్డు పెట్టింది. ఆ పనిని చాలాకాలం సైన్యమే నడిపింది. 1996లో చట్టం చేసి, దాన్ని లాభాపేక్ష లేని ఒక సంస్థకు అప్పగించారు. దాని పేరు సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్. సైన్యం పక్కన పెట్టేసిన గారండ్లు వాళ్ల దగ్గరికి చేరతాయి. అలబామాలోని ఆనిస్టన్‌లో వాళ్ల గిడ్డంగులున్నాయి. వచ్చిన రైఫిళ్లను అక్కడ విప్పి, పరీక్షించి, తరగతుల వారీగా విడదీసి అమ్ముతారు. వచ్చిన డబ్బు పిల్లలకు గురి నేర్పడానికీ, పోటీలకూ వెళుతుంది.

కొనాలంటే పౌరసత్వం ఉండాలి. వాళ్లకు అనుబంధంగా ఉన్న క్లబ్బులో సభ్యుడై ఉండాలి. రేంజిలో గురి సాధన చేసినట్టు రుజువు చూపాలి. ప్రభుత్వ రికార్డుల్లో మీ పేరు మీద నేరాలేమీ లేవని తేలాలి. ఇవన్నీ తేలాక, మీ వంతు వచ్చాక, పెట్టె నేరుగా ఇంటికే వస్తుంది. మామూలుగా ఈ దేశంలో వేరే రాష్ట్రం నుంచి తుపాకీ తెప్పించుకుంటే, అది ముందు లైసెన్సున్న దుకాణదారు దగ్గరికి పోవాలి. వీళ్లకు మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది.

ఒకప్పుడు ఇదేమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఐరోపా దేశాల ఆయుధాగారాలన్నీ పాత రైఫిళ్లతో నిండిపోయి ఉండేవి. శామ్యూల్ కమ్మింగ్స్ అనే వ్యాపారి వాటిని టోకున కొని, వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో నది ఒడ్డునున్న గోదాముల్లో గుట్టలు పోశాడు. పత్రికల్లో కూపన్లు పడేవి. కత్తిరించి, మనియార్డరు జతచేసి పోస్టులో వేస్తే చాలు, తపాలాలో రైఫిలు వచ్చేది. మీరెవరని అడిగేవారు లేరు. 1963 మార్చిలో అలాంటి కూపను ఒకటి డాలస్ నుంచి షికాగోలోని ఒక క్రీడాసామగ్రి దుకాణానికి వెళ్లింది. ఇటలీ సైన్యం వాడిన కార్కానో రైఫిలు, దూరదర్శినితో కలిపి 19 డాలర్ల 95 సెంట్లు, పోస్టు ఖర్చు మరో డాలరున్నర. కూపను మీద రాసిన పేరు ఎ. హైడెల్. ఆ పేరు వెనక ఉన్న మనిషి లీ హార్వే ఆస్వాల్డ్. పెట్టె వారంలో బయల్దేరి డాలస్ పోస్టాఫీసు పెట్టెకు చేరింది. ఆ నవంబరులో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది ఆ రైఫిలుతోనే.

తపాలాలో తుపాకులు పంపడాన్ని కట్టడి చేసే చట్టం రావడానికి ఆ తర్వాత కూడా ఐదేళ్లు పట్టింది. మధ్యలో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ కూడా తుపాకీకి బలయ్యారు. చివరికి 1968 అక్టోబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టారు. క్లబ్బులో కొందరు ఆ చట్టాన్ని తిట్టుకుంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. తుపాకీ అడిగిన వెంటనే చేతికి రాకూడదు. కోపంలో ఉన్నవాడు, దుఃఖంలో ఉన్నవాడు, బుద్ధి స్థిమితంలో లేనివాడు ఎదురు చూడలేడు. ఎదురు చూడగలిగినవాడి ఇంటికే అది రావాలి. రైఫిలు అమ్మే సంస్థవాళ్లు ఎన్ని కాగితాలు అడిగినా సంతోషంగా ఇచ్చాను, ఇంకా అడిగినా ఇస్తాను.

ఈలోగా చెయ్యవలసిన పనులూ తక్కువేం లేవు. ముందుగా ఇనుప బీరువా కొని గోడకు బిగించాను. తూటాలకు వేరే తాళం, వేరే గది. మా ఆవిడ “ఏమండీ, మనవలు వచ్చినప్పుడు ఆ తాళంచెవి ఎక్కడుంటుంది?” అని అడిగింది. నా దగ్గరే, ఒంటి మీదే అన్నాను. అది తేలాకే ఆర్డరు పంపించాను.

తూటాల సంగతీ తెలుసుకోవాలి. బజార్లో వేటకని అమ్మే బరువైన థర్టీ ఆట్ సిక్స్ తూటాలు వేస్తే, వాటి ఒత్తిడికి గారండ్ లోపలి కడ్డీ వంగిపోవచ్చు. పాత సైనిక తూటా ఒత్తిడికి సరిపోయేవే వాడాలి. మా క్లబ్బులో ఒక పెద్దాయన యువకుడిగా సైన్యంలో దీన్నే మోశాడు. క్లిప్పు నొక్కేటప్పుడు అరచేతి అంచుతో కడ్డీని ఆపి, బొటనవేలు చటుక్కున తీసెయ్యాలని, లేకపోతే బోల్టు ముందుకు దూకి వేలు చితక్కొడుతుందని తన రైఫిలు ఇచ్చి నేర్పాడు. బరువు నాలుగు కిలోల పైమాటే. నిలబడి గురి చూస్తే కాసేపటికే చెయ్యి వణుకుతుంది. గురి కుదరాలంటే ఊపిరి కుదరాలి. ట్రిగ్గరు లాగడం కాదు, నెమ్మదిగా నొక్కుతూ పోవాలని ఆయన మళ్లీ మళ్లీ చెబుతాడు.

అన్నిటికంటే నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఒకటుంది. ఏది వస్తుందో తెలియదు. తరగతి మనం ఎంచుకోవచ్చు, గొట్టం అరుగుదల గేజీతో కొలిచి ఏ తరగతిలో ఎంతవరకు ఉంటుందో వాళ్లు చెబుతారు. కానీ ఆ ఒక్క రైఫిలు ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో పెట్టె విప్పితేగాని తెలియదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చేసిందా, యుద్ధకాలంలో వించెస్టర్ చేసిన ఐదు లక్షల పైచిలుకులో ఒకటా, 1950లలో ట్రాక్టర్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ చేసిందా? సీరియల్ నంబరు చూస్తే దాదాపు ఏ నెలలో తయారైందో చెప్పొచ్చు. అమెరికా వీటిని మిత్రదేశాలకు ఇచ్చింది. డెన్మార్కు, గ్రీసు, టర్కీ, ఫిలిప్పీన్స్ సైన్యాలు వాడి వాడి వెనక్కి పంపాయి. డెన్మార్కు తిరిగి పంపినవాటిలో కొన్నిటి గొట్టాల మీద ఆ దేశం ముద్ర కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాటి కర్రకు అక్కడి వానల జాడ ఉంటుంది. ఫలానాది కావాలని నేను కోరుకోవడం లేదు. ఎన్నో చేతులు మారి వచ్చిన దానికి నేను తర్వాతి కాపలాదారునే.

చేతులు మారడం అన్నాను కనుక, స్విట్జర్లాండు వాళ్ల కె31 రైఫిలు సంగతి మీకు చెప్పితీరాలి. అక్కడ పౌరులే సైనికులు, రైఫిలు ఇంట్లోనే పెట్టుకుంటారు. దాని మడమకున్న ఇనుప రేకు మరలు విప్పితే, చాలాసార్లు లోపల మడతపెట్టిన చిన్న చీటీ దొరుకుతుంది. దాని మీద ఆ రైఫిలు మోసిన సైనికుడి పేరు, దళం, ఊరు, చిరునామా ఉంటాయి. పాత రైఫిలు కొన్న అమెరికన్లు కొందరు ఆ చిరునామాకు ఉత్తరాలు రాశారు, కొందరికి జవాబులూ వచ్చాయి. నా మిత్రుడొకాయన దానికోసమే యాభై ఏళ్లు దాటిన ఆయుధాలు సేకరించే లైసెన్సు తీసుకున్నాడు. ఆయనకు దొరికిన చీటీ నాకు చూపించాడు. పెన్సిలు రాత, గుండ్రటి అక్షరాలు. నేను చాలాసేపు దాన్ని వదల్లేకపోయాను.

అక్క ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇక్కడుంది. ఈ దేశంలో పాత తుపాకుల సంతల్లో తిరుగుతుంటే ఒకరోజు మన రైఫిలు కనపడింది. బెంగాల్లోని ఇషాపూర్ కర్మాగారంలో చేసింది. 1962లో చైనాతో యుద్ధం అయ్యాక, పాత లీ ఎన్‌ఫీల్డు నమూనానే తీసుకుని, 7.62 తూటాకు తగ్గట్టు గట్టి ఉక్కుతో అక్కడ కొత్తగా చేశారు. ఇప్పుడు వాటిని అమెరికావాళ్లు ముచ్చటపడి కొంటున్నారు. దానికి అన్న మన త్రీ నాట్ త్రీ. స్వాతంత్ర్యానికి ముందు ఇషాపూర్‌లో చేసినవాటి మీద కిరీటం ముద్ర, స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్లకు చేసినవాటి మీద అశోకుడి సింహాలు. ఆ సంతలో వాటిని చూసి, ముద్ర మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాను. మన ఊళ్ల పోలీసు స్టేషన్లలో ఒకప్పుడు సెంట్రీ భుజాన కనిపించినది, ఎన్‌సీసీ కుర్రాళ్లు పరేడుకు మోసినది ఆ త్రీ నాట్ త్రీయే. ఆ తూటా సైన్యానిది కనుక మన దేశంలో మామూలు పౌరుడికి దానికి లైసెన్సు దొరకదు. అమెరికాలో ఒక రైఫిలు ఏ నెలలో పుట్టిందో, ఏ దేశం తిరిగిందో చెప్పే పుస్తకాలు అల్మారాల నిండా ఉన్నాయి. మన త్రీ నాట్ త్రీని మోసిన తెలుగువాళ్ల గురించి ఒక్క పేజీ అయినా నాకు కనపడలేదు.

అందుకని మీకొక మాట. మీ ఇంట్లో తాతగారో, పెదనాన్నో, మావయ్యో సైన్యంలోనో, పోలీసులోనో, హోంగార్డుగానో పనిచేసి ఉంటే, వాళ్లు ఉండగానే అడగండి. ఏ బటాలియను, ఏ ఊళ్లో డ్యూటీ, తమ రైఫిలు మడమ మీద రాసిన బట్ నంబరు ఎంత? చాలామందికి ఆ నంబరు ఇప్పటికీ నోటికి వస్తుంది. అడిగి, తేదీ వేసి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వీలైతే నాకూ ఒక నకలు పంపండి.