స్లైడింగ్

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్లైడింగ్ అని ఒక మాట ఉంది. అదే కాలేజీలో సీటు ఖాళీ ఉన్న ఇంకో బ్రాంచికి జరగడం. జరిగేవాళ్లలో ఎక్కువమంది చూసేది సీఎస్‌ఈ వైపే. నేను మాత్రం అక్కణ్నుంచి సివిల్‌కి మారాలా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను. మా కాలేజీలో మొదటి ఏడాది మార్కులను బట్టి ఆ అవకాశం ఇస్తారు.

కోడింగ్ రాక కాదు. సెమీకోలన్ మర్చిపోతే కంపైలర్ వెంటనే చెప్తుంది, దిద్దుకుంటాను. సివిల్ ల్యాబ్‌లో 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబ్ పోసి, నీళ్లలో ఉంచి, 28 రోజులాగి గానీ దాని బలం తేల్చరు. నాకు ఆ ఆగడం నచ్చింది. 1908 మూసీ వరద తర్వాత, విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన గండిపేట చెరువు 1920 నుంచీ ఉంది. నా ప్రోగ్రాములేవీ సెమిస్టర్ దాటి బతకలేదు.

నాన్న ఒక్కటే అడిగారు: "మరి ప్లేస్‌మెంట్లు?" అందులో వెటకారం లేదు. ఈ సీటు కోసం తెచ్చిన అప్పుకి నెలనెలా వడ్డీ కడుతున్నది ఆయనే. ఇష్టమైనదే చదువు అనేవాళ్లెవరూ ఆ వడ్డీ కట్టరు. సీఎస్‌ఈ వదలకు అనేవాళ్లెవరూ నా బదులు ఆ కుర్చీలో కూర్చోరు.

అందుకే ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. సివిల్ మొదటి జీతంతో అయితే అప్పు తీరడానికి మా అంచనాలో ఇంకో మూడేళ్లు ఎక్కువ పడుతుంది. ఆ మూడేళ్లు నేను మోస్తానన్నాను. ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు. సోమవారం అప్లికేషన్ ఇస్తున్నాను.