పాయింట్ 22కి స్కోపు: తోడల్లుడి సలహా, 325 డాలర్లు

రిమ్‌ఫైర్ రైఫిలుకి స్కోపు కొనేవాళ్లు షాపులో ముందుగా అడగాల్సింది దాని పారలాక్స్ ఎన్ని గజాలకు సెట్ చేశారని. ధర, జూమ్, గ్యారంటీ తర్వాతి సంగతి. మామూలు వేట రైఫిళ్ల స్కోపుల్లో అది ఎక్కువగా 100 గజాలకు ఉంటుంది. రిమ్‌ఫైర్ కోసమే చేసినవాటిలో 50కో 60కో ఉంటుంది. ఈ ఒక్క అంకె చూసుకోకపోవడంతో డాలస్ శివార్లలో ఉండే ఒక తెలుగు ఇంజనీరుకి రెండు నెలల్లో దాదాపు 325 డాలర్లు వదిలాయి.

పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. మందును అంటించే రసాయనం తూటా అడుగున నడిమధ్యలో కాకుండా అంచు చుట్టూ ఉంటుంది. రిమ్‌ఫైర్ అనే పేరు అందుకే వచ్చింది. గుండు బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. వేగం రకాన్ని బట్టి సెకనుకి 1,070 అడుగుల నుంచి 1,235 దాకా ఉంటుంది. 50 గజాలకు గురి సరిచేసిన రైఫిల్ 100 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందకి కొడుతుంది. అందుకే దీంతో కాల్చేదంతా 25, 50, మహా అయితే 75 గజాల లోపలే: ఖాళీ డబ్బాలు, ఇనప పలకలు, ఉడతలు. ఇక భుజాన్ని తన్నడం అంటారా, జింకల వేటకి వాడే .30-06 తన్నేదాంట్లో ఇది సుమారు వందో వంతు. తన్నుకి తట్టుకునేలా కట్టిన స్కోపుకి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. తన్నని తుపాకీ మీద ఆ డబ్బు ఊరికే కూర్చుంటుంది.

పారలాక్స్ అంటే ఏమిటో ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో వోల్ట్‌మీటరు ముల్లుని పక్కనుంచి చూసిన వాళ్లకి తెలిసిందే. కన్ను జరిగితే అంకె మారుతుంది. స్కోపులోనూ అంతే. టార్గెట్ దూరం, పారలాక్స్ దూరం ఒకటి కానప్పుడు కన్ను కాస్త పక్కకి జరిగితే, రైఫిల్ కదలకపోయినా క్రాస్ హెయిర్ టార్గెట్ మీద జరుగుతుంది. ఎంత జరగగలదో లెక్క కట్టొచ్చు. ముందు కటకం వ్యాసంలో సగాన్ని, ఆ రెండు దూరాల తేడాతో గుణించి, పారలాక్స్ దూరంతో భాగించాలి. 40 మిల్లీమీటర్ల కటకం, 100 గజాల పారలాక్స్ ఉన్న స్కోపుతో 25 గజాల దగ్గర కాలిస్తే 20 ఇంటూ 75 బై 100, అంటే 15 మిల్లీమీటర్లు. అదీ ఒక వైపుకి. 50 గజాల దగ్గర 10 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు (ఆ పోటీల్లో స్కోపులు వాడనివ్వరు, అది వేరే విషయం). అదే 32 మిల్లీమీటర్ల కటకం, 50 గజాల పారలాక్స్ అయితే 50 దగ్గర తప్పు సున్నా, 25 దగ్గరా 75 దగ్గరా 8 మిల్లీమీటర్లు. ఇవన్నీ కన్ను పూర్తిగా అంచుకి జరిగినప్పటి లెక్కలు. చెంప ప్రతిసారీ బట్ మీద ఒకే చోట ఆనితే, కన్ను నడిమధ్యలో ఉంటే, ఏ స్కోపైనా ఈ విషయంలో మంచిదే. కొత్తవాళ్లకి చెంప అలా కుదరదు.

ఇంజనీరు కూడా కొత్తవాడే. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు వచ్చాకే అతను రూగర్ 10/22 కొన్నాడు. అది 1964 నుంచి వస్తున్న మోడల్. ఏళ్ల తరబడి ఎదురుచూసి కొన్నది కాబట్టి ఖర్చు దగ్గర చెయ్యి కాస్త వదులైంది. ఆ సమయంలో సలహా చెప్పింది తోడల్లుడు. ఏటా జింకల వేటకి వెళ్లే మనిషి. "తుపాకీ ఎంతకో స్కోపూ అంతకి ఉండాలి బ్రదర్, గ్లాసు దగ్గర కక్కుర్తి పడొద్దు" అన్నాడు. జింకల రైఫిలుకి ఆ మాట చాలావరకు నిజమే. పాయింట్ 22 విషయంలో అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. కొన్న 3-9×40 స్కోపులో గుండు దిగుదలను చూపించే అడ్డగీతలు కూడా పెద్ద తూటా కోసం వేసినవే. అవి పాయింట్ 22కి ఎందుకూ పనికిరావు.

ఖర్చు వివరం ఇది. స్కోపు 289 డాలర్లు. దాని మీద 8.25 శాతం సేల్స్ టాక్సు 23.84. మొదట కొన్న పొట్టి రింగులు 22. వాటితో బిగిస్తే స్కోపు ముందు భాగం బ్యారెల్ మీది మడత సైటుకి తగిలింది. దాంతో ఎత్తు రింగులు 28. రెంటికీ టాక్సు 4.13. గురి కుదరక మూడు శనివారాల్లో కాల్చినవి 600 రౌండ్లు, ఒక్కోటి 8 సెంట్ల చొప్పున 48. రేంజి ఫీజు మూడుసార్లు, 20 చొప్పున 60. మొత్తం 474.97. స్కోపును సెకండ్‌హ్యాండ్‌లో 150కి అమ్మగా తేలిన నష్టం 324.97. తర్వాత కొన్న 2-7×32 రిమ్‌ఫైర్ స్కోపు 129, రింగులు 20, టాక్సు 12.29, కలిపి 161.29. ఇది ఎలాగూ పెట్టాల్సిన ఖర్చే కాబట్టి నష్టంలోకి రాదు. 324.97ని 8 సెంట్లతో భాగిస్తే 4,062 రౌండ్లు. 500 రౌండ్ల పెట్టెను అక్కడివాళ్లు ఇటుక అంటారు. ఎనిమిది ఇటుకలు, పైన 62 తూటాలు. వారానికి వంద చొప్పున కాల్చినా నలభై వారాలకి సరిపోయేవి.

ఈ లెక్కంతా ఎక్సెల్‌లో విడిగా ఒక షీటులో ఉంది. షీటు పేరు "తోడల్లుడు". ఇందులో ఒక అన్యాయం లేకపోలేదు. 600 రౌండ్లూ దండగే అనలేం. కాల్చడానికే కదా రైఫిల్ కొన్నది! రౌండ్లవీ రేంజివీ కలిపి 108 డాలర్లు తీసేస్తే నష్టం 216.97కి దిగుతుంది. ఆ సవరణకి షీటులో చోటు దొరకలేదు. పైగా ఆ మూడు శనివారాల తప్పులో స్కోపు వాటా కొంతే. ఇటుకల్లో వచ్చే చౌక తూటాలు అన్నీ ఒకే చోట పడవు. గురి సరిచేసే మర క్లిక్కుల లెక్కా తప్పింది. పావు మినిట్ స్కోపులో ఒక క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. 50 దగ్గర అది అంగుళంలో ఎనిమిదో వంతు, 25 దగ్గర పదహారో వంతు. అంటే 25 గజాల దగ్గర ఒక అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు తిప్పాలి. ఇంజనీరు డబ్బా మీద చదివిన పావు అంగుళాన్నే పట్టుకుని ప్రతిసారీ నాలుగే తిప్పి, స్కోపు చెడిపోయిందని అనుకున్నాడు.

మరీ చౌక వైపు కూడా హద్దు ఉంది. పాత రిమ్‌ఫైర్లతో వచ్చే ముప్పావు అంగుళం గొట్టపు 4×15 స్కోపుల్లో, 15ని 4తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 3.75 మిల్లీమీటర్లు. సాయంత్రం పూట చెట్ల కింద మసకే. 4×32లో అదే 8 మిల్లీమీటర్లు. పారలాక్స్ మార్చుకునే తిరుగుడు రింగు ఉన్న స్కోపులు, రెడ్ డాట్లు కూడా దొరుకుతాయి, కావాలనుకుంటే. రింగులు కొనే ముందు మాత్రం రైఫిల్ పైభాగం చూసుకోవాలి. చాలా పాయింట్ 22లకి 3/8 అంగుళాల గాడి ఉంటుంది. వీవర్ పట్టా మీద కూర్చునే రింగులు దానికి పట్టవు.

చౌక స్కోపు నికరమైనదో కాదో తేల్చే పరీక్షకి 25 రౌండ్లు చాలు, ఖర్చు రెండు డాలర్లు. 25 గజాల దగ్గర కాగితం పెట్టి, రైఫిలుని ఇసక సంచి మీద ఆనించి, ఒకే చుక్కకి గురిపెట్టి ఐదు కాల్చాలి. తర్వాత 32 క్లిక్కులు కుడికి, మళ్లీ ఐదు. 32 పైకి, ఐదు. 32 ఎడమకి, ఐదు. 32 కిందకి, చివరి ఐదు. గురి మాత్రం ఎప్పుడూ ఆ మొదటి చుక్క మీదే. కాగితం మీద రెండేసి అంగుళాల భుజాలతో చతురస్రం వచ్చి, చివరి ఐదూ మొదటి ఐదింటి మీదే పడితే స్కోపు మాట మీద నిలబడుతోందని అర్థం. చతురస్రం వంకర పోతే బిల్లు, డబ్బా తీసుకుని వాపసు గడువు లోపల షాపుకి వెళ్లాలి. అందుకని ఈ పరీక్ష కొన్న వారంలోనే చేసేసుకోవడం మంచిది.