శ్రద్ధ వలన చెడిన తుపాకులు

పాత తుపాకి చెడుటకు తుప్పు కారణమని కొందరందురు. కాల్చి కాల్చి గొట్టము అరిగిపోవుట కారణమని మరికొందరందురు. మాంటానా రాష్ట్రమందు బిల్లింగ్సు పట్టణమున కాపురముండి, అక్కడి దీర్ఘమైన శీతకాలపు రాత్రులను గరాజులోని బల్లయొద్ద, ఇరుగుపొరుగువారు తెచ్చియిచ్చిన లీవరు రైఫిళ్లను విప్పి, తుడిచి, మరల బిగించుటలో గడపుచున్న నాకు కలిగిన నిశ్చయము వేరు. ఈ తుపాకులలో అధికభాగము యజమానుల నిర్లక్ష్యము వలన గాక వారి శ్రద్ధ వలననే చెడినవి. అటకమీద ఎవరికిని పట్టక ఏండ్ల తరబడి పడియున్న రైఫిలు తరచుగా ఒక సాయంకాలపు శ్రమతో కోలుకొనును. ప్రతి ఆదివారము భక్తితో విప్పబడి, నూనెలో ఓలలాడి, గరుకు కాగితముతో రుద్దుడుపడిన రైఫిలును కోలుకొనజేయుట మాత్రము బ్రహ్మతరము కాదు.

నేను వృత్తిచేత వంతెనల ఇంజినీరును. ఈ పనికి పైకము పుచ్చుకొనను గనుక ఇది వ్యాపారమును కాదు. గుంటూరు ప్రాంతమున బాల్యము గడపిన నాకు ఆనాడు తెలిసిన తుపాకి, బ్యాంకు గుమ్మమున స్టూలుమీద కునుకుచుండెడి కాపలావాని భుజముననున్న జంటగొట్టముల తుపాకి యొక్కటే. అది పేలగా విన్నవాడు మా ఊర నెవ్వడును లేడు. ఈ దేశమునకు వచ్చిన పిమ్మటను చాలకాలము ముట్టుకొనలేదు. హెచ్‌-1బీ వంటి తాత్కాలిక వీసాలమీద నున్నవారు, వేట లైసెన్సు మొదలగు కొన్ని మినహాయింపులున్న సందర్భములలో తప్ప, తుపాకిగాని తూటాగాని కలిగియుండరాదని ఇచ్చటి కేంద్రచట్టము శాసించుచున్నది. సెలవుదినములలో మా యింటికి భోజనమునకు వచ్చు తెలుగు కుర్రవాండ్రలో చాలమంది ఈ సంగతి ఎరుగరు. బల్లమీద విప్పి పరచిన భాగములను చూచినంతనే వారి చేతులు ఊరకుండవు. "అంకుల్, ఆ లీవర్ ఒక్కసారి లాగి చూడనా?" అని వారిలో నొకడు అడిగినప్పుడు, చట్టమును వ్యాఖ్యానించుటకై నేను గొంతు సవరించుకొనుచుండగా, మా యావిడ వంటింటినుండి, "గ్రీన్‌కార్డు వచ్చాక లాగుదువుగానిలే నాయనా, పప్పు చల్లారిపోతోంది, ముందు రా" అని నా వ్యాఖ్యానమును మొదలుకాకముందే ముగించినది.

లీవరు రైఫిలనగా, ట్రిగ్గరును చుట్టియున్న కమ్మీని క్రిందికి త్రోసి మరల పైకి తెచ్చు ఒక్క కదలికలో, కాలిన తూటా తొడుగును బయటికి విసరి, హ్యామరును వెనుకకు ఎక్కించి, క్రొత్త తూటాను గొట్టములోనికి నెట్టు యంత్రము. బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంటు పొందిన రైఫిలునందు ఈ యంత్రము నమ్మదగినదిగా రూపొందినది. దాని వెనుక పెట్టుబడి పెట్టినవాడు ఆలివర్ విన్‌చెస్టరు, అంతకుముందు చొక్కాలు కుట్టించి అమ్మిన వర్తకుడు. హెన్రీ రైఫిలు గొట్టము క్రిందనున్న నాళికలో 16 తూటాలు పట్టెడివి. గాని ఆ నాళిక అడుగువైపు పొడవునను చీలియుండుటచే దుమ్మును బురదయు లోనికి చేరెడివి, తూటాలను నెట్టుకొనివచ్చు మీటకు కాల్చువాని ఎడమచేయియే అడ్డుపడెడిది. 1866 నమూనాలో నెల్సన్ కింగ్ అనువాడు, యంత్రమును పొదిగియుండు లోహపు పెట్టెయగు రిసీవరు కుడిప్రక్కను స్ప్రింగు తలుపు నొకదానిని అమర్చి, తూటాలను అచ్చటినుండి నింపు ఉపాయము కల్పించుటతో ఆ చీలికకు పనిలేకపోయినది. పిమ్మట 1873 నమూనా, ఆ మీద యూటా రాష్ట్రమందలి ఆగ్డెను పట్టణవాసి జాన్ బ్రౌనింగు కల్పించిన 1886, 1892, 1894 నమూనాలు వచ్చినవి. వీనిలో కడపటిది, న్యూహేవెను కర్మాగారము 2006లో మూతపడునాటికి, 70 లక్షలకు పైగా తయారయినది. దానికొరకు పొగలేని మందుతో 1895లో వెలువడిన థర్టీ-థర్టీ తూటా, నేటికిని మాంటానా పల్లెటూళ్ల హార్డువేరు దుకాణములలో మేకుల డబ్బాల సరసనే దొరకుచున్నది.

శ్రద్ధ చేయు మొదటి అపకారము స్క్రూల తలలమీద కనబడును. మా పొరుగున నున్న వృద్ధుడు, యావజ్జీవము పశువుల మందలను కాచి విశ్రాంతి గైకొన్నవాడు, తన తండ్రినాటి 1894 నమూనాను నా బల్లమీద పెట్టినప్పుడు, లోపల నేమి చెడినదో తెలియకముందే, దానిని ఎందరు విప్పజూచిరో బయటినుండియే తెలిసినది. తూటాలు నింపు తలుపును పట్టియుండు చిన్న స్క్రూ తలలో గాడి సన్నని గీతగా నుండవలసినది, అంచులు లేచి, నడుమ వెడల్పై, ఏ మొనయు నిలువని గుంటగా మారియున్నది. ఇంటింటను నుండు స్క్రూడ్రైవరు మొనకు ప్రక్కలు ఏటవాలుగా నుండును. అది గాడి అడుగునకు దిగదు, పై అంచులనే పట్టుకొనును, బలము పెట్టినకొలది పైకి జారి ఆ అంచులను చీల్చును. తుపాకుల పనివారి స్క్రూడ్రైవరు మొనకు ప్రక్కలు సమాంతరములు. గాడి వెడల్పునకును లోతునకును సరిపడు మొనను ఎంచి, అవసరమైనచో ఆకురాయితో వెంట్రుకవాసి తగ్గించి పెట్టినచో, అది కదలక కూర్చుండును. నేను ఆ గుంటలో పలుచని నూనె ఒక చుక్క వేసి రాత్రియంతయు వదలి, మరునాడు సోల్డరింగు ఇనుము మొనను స్క్రూ తలపై ఆనించి వేడెక్కించి, చల్లారిన పిమ్మట గట్టిగా అదిమిపట్టి త్రిప్పగా, టిక్కుమని చప్పుడు చేసి కదలినది. క్రొత్త స్క్రూ బజారులో దొరకును, తెప్పించలేదు. లేచిన అంచులను చిన్న సుత్తితో లోపలికి తట్టి, సన్నని ఆకురాయితో సరిచేసి, పాతదానినే బిగించితిని.

రెండవ అపకారము నూనె. నూనె ఎంత ఎక్కువైన అంత మేలని నమ్మువారు ఈ దేశమున అసంఖ్యాకులు. ఫారన్‌హీటు కొలమానమున సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలో ఆ నూనె చిక్కబడి, హ్యామరు పాటును మందగింపజేయును. ఫైరింగు పిన్ను తూటా అడుగున నిప్పు రగుల్చు ప్రైమరును నొక్కునే గాని పేల్చదు. అంతకంటె ఘోరమేమనగా, బీరువాలో నిలువుగా నిలబెట్టిన రైఫిలునందు అధికమైన నూనె క్రమముగా క్రిందికి దిగి, ఉక్కును కర్రయు కలియుచోట వాల్‌నట్‌ కర్రలోనికి ఇంకును. మా వృద్ధుని తుపాకి కర్ర అచ్చట నల్లబడి, ఆవకాయలో ఊరిన ముక్క వలె మెత్తబడి, గోరు గ్రుచ్చినచో దిగుచుండెను. అట్టి కర్ర కాల్చినప్పటి వెనుకదెబ్బకు చీలక మానదు. సుద్దపొడిని అసిటోనులో ముద్దగా కలిపి, నల్లబడినచోట పట్టించి ఆరనిచ్చినచో, పొడి నూనెను పైకి పీల్చి పసుపుపచ్చగా మారును. దానిని దులిపి మరల పట్టింపవలెను, మరల దులుపవలెను. ఓపికయే ఇందు ప్రధానమైన పనిముట్టు. నూనె దిగిన పిమ్మట అవిసెనూనె రెండు చుక్కలు అరచేత రుద్ది, ఆ వేడిమితోనే కర్రకు పట్టించితిని. రైఫిలును తలక్రిందులుగా, గొట్టపు మూతి నేలవైపు నుండునట్లు నిలుపుమని ఇచ్చటి పాత వేటగాండ్రు చెప్పుటలోని యుక్తి అప్పుడు బోధపడును.

మూడవది గొట్టమును తుడుచుట. విన్‌చెస్టరు 1894ను దాదాపు సమస్తము విప్పినగాని వెనుకనుండి గొట్టములోనికి కడ్డీని పంపుట సాధ్యము కాదు. కనుక అందరును మూతినుండియే పంపుదురు. ఆ కడ్డీ రాకపోకలలో మూతి అంచును ఒరసి ఒరసి, గుండు గొట్టమును విడుచు కడపటి క్షణమున దానిని నలువైపుల సమముగా పట్టవలసిన అంచును ఒకవైపు అరుగదీయును. పిమ్మట గురి చెదరును. గురి చెదరెను గనుక యజమాని గొట్టము మురికిపడినదని తలచి మరింత తుడుచును. మూతిలో దూర్చు ఇత్తడి గైడు నొకదానిని కొని, దానిగుండ కడ్డీని నడిపినచో ఈ బాధ లేదు. ఈ విషయమున మార్లిన్ కంపెనీవారి 336 నమూనా కడు సుఖమైనది: లీవరును పట్టియుండు ఒక్క స్క్రూను తీసినచో లీవరు చేతికి వచ్చును, గొట్టము వెనుకను మూయు బోల్టు వెనుకకు జారివచ్చును, తొడుగును విసరు ఎజెక్టరును ప్రక్కనుండి తీసి దాచుకొన్నచో గొట్టము వెనుకనుండి బారుగా కనబడును. చేతబట్టి నడచుటకు విన్‌చెస్టరు సన్ననిది, అందమైనది. విప్పుటకు మార్లిన్ మేలు. ఈ మాట బిల్లింగ్సులో బహిరంగముగా అనుట క్షేమము కాదు గనుక తెలుగులో వ్రాయుచున్నాను.

శ్రద్ధతో సంబంధము లేని చెరుపులు లేకపోలేదు. మార్లిన్ 1894 నమూనాలో లీవరు అంచు పదునుగా మిగిలిపోయినచో, అది తూటాను పైకెత్తు క్యారియరు అడుగును నానాటికి కొరికి, రెండు తూటాలు ఒక్కమారు బయలుదేరి ఇరుకునబడునట్లు చేయును. దీనికి ఆ అంచును నునుపు చేసి, కొరికినచోటు నింపుటయే మందు. కాని ఇట్టివి అల్పసంఖ్యాకములు. ఉక్కుమీది పాత నలుపుపూతను పోగొట్టి క్రొత్త నలుపు వేయించినవి, కర్రను గరుకు కాగితముతో రుద్ది ఉక్కు అంచుకంటె పల్లము చేసినవి నావద్దకు ఎక్కువగా వచ్చును. 1964లో ఖర్చు తగ్గించుటకై విన్‌చెస్టరువారు 1894 నమూనాలో మార్పులు చేసినప్పుడు, రిసీవరునకు వాడిన లోహము మామూలు నలుపు రసాయనములకు లొంగలేదు. పైన వేరొక పూత పూసి నలుపు పట్టించిరి. ఆ పూతను గీకి, మరల నలుపు వేయబోయి, వంకాయరంగు రిసీవరుతో మిగిలినవారిని నేనెరుగుదును.

మా ఊరికి అరువది మైళ్ల దూరమున లిటిల్ బిగ్‌హార్ను యుద్ధభూమి యున్నది. 1876లో అచ్చట లకోటా, షయెను తెగల వీరులలో కొందరి చేత హెన్రీ, విన్‌చెస్టరు రైఫిళ్లుండగా, వారితో పోరిన అమెరికా సేనాని కస్టరు సైనికుల చేత ఒక్కొక్క తూటా నింపి కాల్చు స్ప్రింగ్‌ఫీల్డు కార్బైనులుండెను. 1983లో గడ్డి తగులబడి నేల బయటపడిన పిమ్మట పురాతత్త్వవేత్తలు ఏరిన తూటా తొడుగులమీది ఫైరింగు పిన్ను గుర్తులను సరిపోల్చి, ఫలానా తుపాకి ఇచ్చట పేలి, పిమ్మట అచ్చటికి నడచినదని తేల్చిరి. ప్రతి పిన్నునకును తనదైన ముద్ర యుండును. దానిని అందముకొరకు సానపట్టువారిని చూచినప్పుడు నాకు ఆ యుద్ధభూమి జ్ఞప్తికి వచ్చును.

2014 నవంబరులో నెవాడాలోని గ్రేట్ బేసిన్ జాతీయవనమున, ఒక జునిపరు చెట్టునకు ఆనించియున్న 1873 నమూనా విన్‌చెస్టరు పురాతత్త్వ సిబ్బందికి కనబడినది. సంఖ్యనుబట్టి అది 1882లో తయారయినదని తెలిసినది. ఎవరు ఎప్పుడు ఏల విడిచిరో తెలియలేదు. కర్ర బూడిదరంగు తిరిగి పగుళ్లు వారి, మడమ మట్టిలో పూడియుండెను. దానిని మా ఊరికి సుమారు నూరు మైళ్లలోనున్న కోడీ పట్టణపు ఆయుధ ప్రదర్శనశాలకు తెచ్చి, ఆ ఊరి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయింపగా, గొట్టము ఖాళీయే గాని కర్ర మడమలోని అరలో ఒక తూటా దాగియుండెను. సంరక్షకులు ఊడిపోనున్న కర్ర పొరలను జిగురుతో నిలిపిరి. అంతకుమించి తుప్పు వదలగొట్టలేదు, నలుపు వేయలేదు, నూనె పోయలేదు. దాని తీరును జూచి నేర్చుకొన్నంత నేను ఏ పుస్తకమునందును నేర్చుకొనలేదు.

కాల్చుటయందును ఈ అతిజాగ్రత్తయే శత్రువు. ఊరి వెలుపలి రేంజిలో క్రొత్తవారిని చూతును: యంత్రమునకు నొప్పి కలుగునేమో యన్నట్లు లీవరును సగము దింపి, సంకోచించి, మరల పైకి తెత్తురు. బోల్టు కడవరకు పోయినగాని ఖాళీ తొడుగు ఎగిరిపడదు, క్యారియరు క్రొత్త తూటాను ఎత్తదు. సగములో ఆగిన లీవరునకు ఫలము ఇరుకుపాటు. మా వృద్ధుడు వారి వెనుక నిలిచి, "నెమ్మదిగా కాదు, నిండుగా" అనును. రైఫిలు భుజమునుండి దిగరాదు. చేతిని ముందుకు బారుగా చాపి, అంతే బారుగా వెనుకకు తేవలెను. నాళికలో తూటాలు ఒకదాని వెనుక నొకటి యుండి, వెనుకదాని మొన ముందుదాని ప్రైమరుపై ఆనుకొనును గనుక, అందు మామూలు సూదిమొన గుండ్లు నింపరాదు, చదునుమొనవే నింపవలెను. థర్టీ-థర్టీ తూటాలోని 170 గ్రెయినుల గుండు సెకనుకు సుమారు 2,200 అడుగుల వేగముతో గొట్టము దాటును. నూరు గజములలో గురి సరిచేసికొన్నచో లేడివేటకు అంతకు మించిన అవసరము లేదు. 1992కు పూర్వపు విన్‌చెస్టరు 1894లకు వేరుగా సేఫ్టీ మీట లేదు, హ్యామరు సగము మెట్టుమీద నిలుచుటయే రక్షణ. చలికి మొద్దుబారిన బొటనవ్రేలితో దానిని దింపునప్పుడు తప్పక గొట్టము నిర్జనమైన దిక్కునకు చూచుచుండవలెను. ఇచ్చట మాత్రము జాగ్రత్త ఎంతయైనను అధికము కాదు.

మా వృద్ధునికి తుపాకి అప్పగించునప్పుడు, మూతి క్రిందుగా నిలుపుమనియు, మూడు చుక్కలకు మించి నూనె వేయవద్దనియు, స్క్రూడ్రైవరు జోలికి పోవలదనియు విస్తరించి చెప్పితిని. శ్రద్ధగా తల యూపినాడు. వారము తిరుగకముందే తలుపు తట్టి, "కొంచెము పొడిగా ననిపించినది, అందుకని..." అని నసుగుచు, నూనె ఓడుచున్న రైఫిలును పాత తువాలులో చుట్టి తెచ్చినాడు. నేను సుద్దపొడి డబ్బా దింపితిని. ఆయన తనకై కాఫీ పోసికొని, బల్ల ప్రక్కనున్న కుర్చీని దగ్గరకు లాగుకొన్నాడు.