అడగని పనివాళ్ళు

సావనీర్‌కి ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగారు. కవిత్వం నాకు రాదు. కథ రాసే ఓపిక లేదు. చివరికి, చేసిన తప్పు ఒకటి ఒప్పుకుంటే సరిపోతుందనుకున్నాను. తప్పు కంప్యూటరుకి సంబంధించినదే అయినా ఇతర శాఖల మిత్రులు పేజీ తిప్పెయ్యక్కర్లేదు. హాస్టల్ వంటశాల చూసినవాళ్ళందరికీ ఇది అర్థమవుతుంది.

వంటమనిషి ఒక్కడే అయితే కూరలు తరిగి, అన్నం వార్చి, పులుసు దించేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. నలుగురుంటే తలో పనీ అందుకుంటారు. ఒకే ప్రోగ్రాం తన పనిని అలా పంచి, ఒకేసారి చేయించుకోవడమే మల్టీథ్రెడింగ్. కంప్యూటరులోని కోర్లు పొయ్యిలు, థ్రెడ్లు వంటవాళ్ళు. పొయ్యిలు నాలుగూ వంటవాళ్ళు నలభైమందీ అయితే, గరిటె చేతులు మారడంతోనే పొద్దుపోతుంది.

మా డిపార్ట్‌మెంటులో అందరికీ కలిపి 16 కోర్ల సర్వరు ఒకటుంది. నిరుడు ప్రాజెక్టుల రోజుల్లో ఒక సాయంత్రం నా లెక్కను 16 ముక్కలు చేసి, 16 ప్రోగ్రాములుగా వదిలి, ఏదో ఘనకార్యం చేసినట్టు మెస్‌కి వెళ్ళాను. నేను వాడిన గణిత లైబ్రరీ ఓపెన్‌సోర్స్‌ది. మెషీన్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని థ్రెడ్లూ అడగకుండానే తెరవడం దాని డిఫాల్టు. పదహారు పదహార్లు 256. ఆ సంగతి దాని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. చదవనిది నేను.

అదే సర్వరు మీద మా సీనియర్ ఒకామె లెక్క నడుస్తోంది. రాత్రి పదింటికి అవ్వాల్సింది తెల్లారినా అవలేదు. ఆ ఉదయమే ఆమెకు రివ్యూ. సగం ఫలితాలతో వెళ్ళి, మాటలు పడి వచ్చింది.

"ఏం తమ్ముడూ, కాలవ నీళ్ళన్నీ నీ మడికే తిప్పుకున్నావా?" అంది. తిట్టినా బాగుండేది.

"నాకేం తెలుసక్కా, దానంతటదే అలా..."

"దానంతటదే ఏదీ అవదు. అలా అవాలని ఎవరో ఒకరు పెట్టి ఉంటారు."

తమాషా ఏమిటంటే, నా లెక్కా తొందరగా అవలేదు. తర్వాత ఓఎంపీ నమ్ థ్రెడ్స్ అనే వేరియబుల్‌ని 1గా పెట్టి, ఒక్కో ప్రోగ్రాముకి ఒక్క థ్రెడ్డే ఇచ్చి నడిపితే, మొదటిసారికంటే ముందే ముగిసింది.

అక్క అన్న ఆ 'ఎవరో ఒకరు' నన్ను వదల్లేదు. పెద్ద పెద్ద ప్రాజెక్టుల్లో ఆ పెట్టేవాళ్ళు ఎలా పెట్టారో చూశాను. వరుసలు పేర్చే గ్నూ సార్ట్ 2010 నుంచి అడగకుండానే థ్రెడ్లు వాడుతుంది, కాని ఎన్ని కోర్లున్నా 8 దాటదు. ఆపైన లాభం తగ్గిపోతుందని దాని మాన్యువలే చెబుతుంది. 1967లో జీన్ అమ్డాల్ చూపించిందీ అదే. పనిలో పదోవంతు ఒక్కడే చెయ్యాల్సినదైతే, ఎంతమందిని పెట్టినా వేగం పది రెట్లు మించదు. పైథాన్ వాళ్ళు ఇంకా నెమ్మది. థ్రెడ్లకు అడ్డున్న పాత తాళం లేని పైథాన్‌ని 2024లో 3.13తో ప్రయోగంగా ఇచ్చారు. 2025 నాటి 3.14లో దానికి అధికారిక మద్దతు వచ్చినా, డిఫాల్టు మాత్రం తాళమున్నదే.

ఇంతలో పెట్టే వంతు నాకే వచ్చింది. లైబ్రరీలోని పాత సంచికల స్కాన్ పుటలను చిన్నవి చెయ్యడానికి నేనొక ప్రోగ్రాం రాసి, అందరూ వాడుకునేలా ఓపెన్‌సోర్స్‌గా ఉంచాను. థ్రెడ్లు కావాలంటే ఒక ఆప్షన్ ఇవ్వాలి. వాడిన ఒకాయన రాశాడు: "నా మెషీన్లో ఎనిమిది కోర్లు. ఏడు గోళ్ళు గిల్లుకుంటున్నాయి. అందరి చేతా ఆప్షన్ కొట్టించే బదులు మీరే పెట్టెయ్యకూడదా?"

ఆయన మాట అబద్ధం కాదు. ఆప్షన్ల పట్టిక చదివేవారెందరు? నేనే చదవలేదుగా! ఒక పుట పని ఇంకో పుటతో ముడిపడదు కాబట్టి, పంచుకోవడానికి ఇంతకంటే మంచి పని ఉండదు. కాని ఆయన మెషీన్‌కి ఆయనొక్కడే యజమాని. మా సర్వరుకి అరవైమంది. రెండు చోట్లా నడిచేది నా ప్రోగ్రామే.

రెండు రాత్రులు ఆలోచించి డిఫాల్టు మార్చాను. థ్రెడ్లు అడగకుండానే వస్తాయి, కాని నాలుగు మించవు. మెషీన్‌లో ఎన్ని కోర్లున్నాయని కాక, తనకు ఎన్ని వాడుకునే అనుమతి ఉందో చూసుకుంటుంది. ఇంకా కావాలన్నా, ఒక్కటే చాలన్నా చెప్పే దారి ఉంది. ఈ సంగతి డాక్యుమెంటేషన్ మొదటి పుటలో మొదటి వాక్యం. ఆయనకు కొంత తక్కువే అయింది. ఎందుకో రాశాను. సరేనన్నాడు.

డిఫాల్టు అంటే ఎదురుగా లేనివాళ్ళ తరఫున మనం తీసుకునే నిర్ణయం. వాళ్ళలో వాడేవాడే కాదు, వాడి పక్కవాడూ ఉంటాడు. అక్క రివ్యూ తర్వాత బాగానే జరిగింది, ఉద్యోగంలో చేరింది కూడా. ఆ రోజు పడ్డ మాటలు మాత్రం వెనక్కి రావు. సర్వరులో ఏదైనా వదిలేముందు ఇప్పుడు నేను దిగువ మళ్ళల్లో ఎవరున్నారో ఒకసారి చూస్తాను.