కామారెడ్డి సీమలో నీటి గుణము

కామారెడ్డి నుండి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డికి పోవు త్రోవలో రాతిగుట్టలును, వాని నడుమ చెరువులును గానవచ్చును. ఈ రెండింటిని జూచినచో ఆ సీమలోని నీటి కథ యంతయు జూచినట్లే. చెరువున నిలుచునది వాననీరు. రాతిపగుళ్లలోనుండి బోరు తోడిపెట్టునదియు నొకనాటి వాననీరే. అయినను వంటయింటికి వచ్చుసరికి రెండింటి గుణములును వేరు.

అచటి గృహిణులు బోరునీటిని 'ఉప్పునీళ్లు' అనుట మేము వింటిమి. ఇది సముద్రపు టుప్పు కాదు. నేలలోని కింకిన వాన, రాతిని మంటిని ఒరసికొనుచు సున్నపు లవణములను, మెగ్నీషియమును కరగించుకొని పైకి వచ్చును. దీనినే శాస్త్రజ్ఞులు కఠినజలమందురు. 2012 నాటి భారతీయ ప్రమాణములను బట్టి త్రాగునీటి కఠినత్వము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేరునీరు దొరకని చోట 600 వరకు నంగీకరింతురు.

కఠినజలముతో కందిపప్పు త్వరగా మెదుగదు. గింజ పొరలను సున్నము గట్టిపరచుటయే దీనికి గారణము. సబ్బు నురుగునకు మారుగా తెట్టెగట్టి, తెల్లబట్టను మాసినట్లు చేయును. తలవెండ్రుకల నంటి జిగటగా నుండును. కాగుల యడుగునను, నీళ్లు కాచు విద్యుత్తు కడ్డీల మీదను తెల్లని పెచ్చు పేరుకొని, వంటచెరకునకును విద్యుత్తునకును వ్యయమును పెంచును. ఇవన్నియు నీటి చేష్టలే. అయినను పప్పుడుకకున్న కోడలి చేతివాటమును, బట్ట తెలుపెక్కకున్న ఉతికినదాని సోమరితనమును నిందించు లోకమిది. నెమ్మదిగల ఊరినుండి రాతినేలకు కాపురమునకు వచ్చిన పిల్ల, తన పుట్టింట నేర్చిన వంట ఇచట కుదరకపోగా, తప్పు తనదే యని క్రుంగిపోవుట యెంత యన్యాయము!

నీటిగుణము నెరుగుటకు ఇంటనే యొక పరీక్ష గలదు. రెండు సీసాలలో సమానముగా వాననీటిని, బోరునీటిని బోసి, ఒక్కొక్కదానిలో సమానముగా సబ్బు తురుము వేసి కుదుపవలెను. వాననీట నురుగు నిలుచును. కఠినజలమున తెల్లని తెట్టె తేలును. అత్తగారి యెదుటనే యీ పరీక్ష చేసిన మరింత మేలు.

కఠినత్వము రెండు విధములు. తాత్కాలికమైనది నీటిని మరిగించిన తొలగును; సున్నము అడుగున పేరుకొనును గనుక పైతేట వంచుకొనవలెను. శాశ్వతమైనది మరుగుటచే పోదు. బట్టలు నానబెట్టు నీట చాకలిసోడా కలిపిన సున్నము విరిగి యడుగునకు దిగును. పూర్వము చౌటిమంటితో ఉతుకుటలోని మర్మ మిదియే. కుంకుడు నురుగును సున్నము అంతగా చెరుపజాలదు; కావున తలంటికి సబ్బుకంటె కుంకుడే మేలు. పాత్రల పెచ్చు చింతపండు పులుసునకు కరగును. పప్పునకు చిటికెడు వంటసోడా వేయుట కలదుగాని, దానివలన కొంత పోషకము నశించును. ముందుగా నానవేసి, మంచినీట వండుట యుత్తమము. చిల్లగింజ బురదను తేర్చునే కాని కఠినత్వమును తీయదు.

ఒక్క విషయమున మాత్రము జాగరూకత వలయును. కఠినజలము త్రాగుటవలన సామాన్యముగా ప్రాణహాని లేదు. కాని రాతినేలల నీట ఫ్లోరైడు సైతము దాగియుండవచ్చును. దానికి రుచి లేదు, వాసన లేదు. మరిగించినను పోదు, సరికదా నీరిగిరిన కొలది చిక్కనగును. పిల్లల పండ్లపై మచ్చలును, ఎముకల వంకరలును దీని ఫలములు. మనదేశమున నీ వ్యాధిని మొదట గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే. కావున త్రాగు బోరునీటిని పరీక్షాశాలకు పంపి చూపించుట గృహధర్మములలో నొకటి.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకమువలన నదీజలములు కుళాయిలకు వచ్చుచున్నవి. అయినను గొట్టము పగిలిన నాడు మరల బోరే గతి. మేడమీది తొట్టిలో రెండునీళ్లను కలుపు ఇండ్లును గలవు. వంటకు, త్రాగుటకు నదీజలమును వేరుగా పట్టియుంచి, కడుగుళ్లకు బోరునీటిని వాడుకొనుట యుక్తము.

సుశ్రుతుడు నీటిని ఆంతరిక్షము, భౌమము అని విభజించెను. ఆంతరిక్షమైన వాననీటిని నిలువచేయుటయందు ఈ సీమవారు పూర్వమునుండియు నేర్పరులు. లింగంపేటలో నాగన్నబావి మెట్లు నేటికిని జూడదగినవి. ఎల్లారెడ్డికి సమీపమున పోచారము జలాశయమున్నది. మంజీరపై నిజాంసాగరమును 1923లో మొదలిడి 1931లో ముగించిరి. 2025 ఆగస్టులో ఈ జిల్లా వరదలపాలైనది. అట్టి నీటికి చోటిచ్చునవి చెరువులే. చెరువు నిండిన చోట ఆ మంచినీరు నేలకింకి, చుట్టుపట్ల బావుల ఉప్పదనమును పలుచన చేయును. కావున చెరువు పూడిక లెక్కలలోని మాట మాత్రమే కాదు, మన పప్పుకుండలోని మాటయు నగును.

సోదరీమణులారా! తొలివాన మిద్దెను కడిగి పోయినపిదప, పరిశుభ్రమైన గుడ్డ కట్టిన కాగులలో వాననీటిని పట్టుడు, త్రాగుటకైన మరిగింపుడు. ఆ నీట నొకనాడు కందిపప్పు వండి చూడుడు. కోడలి చేతిని గూర్చిన తీర్పు ఆ తరువాత చెప్పవచ్చును.