ఏ మెతుకు పట్టి చూశారు?

ఏవండోయ్, పొయ్యి మీద అన్నం పెట్టి ఎటు చూస్తున్నారు? ఒక్క మెతుకు తీసి నొక్కండి. ఉడికిందా? ఇక దించేయండి. గిన్నెడు అన్నం సంగతి ఆ మెతుకే చెప్పేసింది. స్థాలీపులాక న్యాయం అని దీనికో పేరు కూడా ఉంది. బళ్ళో సగటు, మధ్యగతం, బాహుళకం అంటూ సూత్రాలు వల్లె వేయిస్తారే, ఈ మెతుకు దగ్గర మొదలెడితే ఏం పోయిందండీ?

సరే, వంటింట్లోంచి ఇటు రండి. మా భీమడోలు నుంచి కొల్లేటి వైపు వెళ్తే చేపల చెరువులే కదా. శీలావతి ఎంత పెరిగిందో చూడాలంటే చెరువంతా తోడిస్తారా? విసురువల వేసి, పడ్డ నాలుగింటినీ తూస్తారు. కానీ వల ఎక్కడ వేశారు? చెరువులో పాతిన కర్రలకి చిల్లులు పెట్టిన మేత సంచులు వేలాడుతుంటాయి. బలిసిన చేపలే అక్కడికి తోసుకొచ్చాయనుకోండి, వల కూడా అక్కడే పడిందనుకోండి... చెరువు మొత్తం బలిసిన చేపలే అనిపించదూ?

మొన్న మా మనవరాల్ని ఇదే అడిగాను. కాసేపు గోరు కొరుక్కుని, "అన్నమంతా ఒకే నీళ్ళలో ఉడుకుద్ది తాతా. చేపలు అలా కాదుగా. నాలుగు మూలలా వెయ్యాలి" అంది. పదేళ్ళ పిల్లండీ!

మన తెలుగువాడు అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రాసింది ఇలాంటి పిల్లలకి సులువుగా తెలియడానికే. పొగ ఉంటే నిప్పుంటుంది, వంటింట్లోలాగా. మరి నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనప గుండుకి పొగేదీ? పొగ రావాలంటే పచ్చికట్టె కావాలి. అలా మాట చాటున దాక్కున్న షరతుకి తార్కికులు పెట్టిన పేరు ఉపాధి. మన చెరువులో ఆ మేత సంచే పచ్చికట్టె అన్నమాట! ఇది పట్టుకున్న పిల్లకి లెక్కలు రాకపోవడమేంటండీ?

నూజివీడు బళ్ళో కూడా చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1989 నాటి 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో ఈ మెతుకు లెక్కనే ఇంకో మెట్టెక్కించారు. మనకి తెలిసింది అరకొరే కావచ్చు. అందులో సందేహం ఎంతో కూడా తెలిస్తే చాలు, అది పనికొచ్చే జ్ఞానమే అన్నారు. ఎంత ధైర్యమిచ్చే మాటో చూశారా!

"నాలుగు మూలలా 640, 700, 820, 1,100 గ్రాములు తూగాయనుకో, రైతుకి ఏం చెప్తావే?" అన్నాను మనవరాలితో. వేళ్ళు మడిచి 815 తేల్చింది. పలక నా చేతిలో పెట్టబోయి మళ్ళీ లాక్కుని, కింద ఇంకో వరస రాసింది: "640 నుంచి 1,100 దాకా. నాలుగే తూశాం."