కొట్టివేత

గత ఏడాది చలికాలంలో ఒక రాత్రి, టెక్సస్‌లో లేస్తున్న ఒక భవనంలోని మెట్ల గదిని నేను మాయం చేశాను. గోడ కూలలేదు, మేకు కదలలేదు. ఒప్పందంలో ఒక వరుస పోయింది, అంతే.

నేను హైదరాబాదులో కూర్చుని చేసే పని అటువంటిది. అక్కడ భవనం కట్టే ప్రధాన కాంట్రాక్టరు పనిని ముక్కలు చేసి చిన్న కాంట్రాక్టర్లకు అప్పగిస్తాడు. ప్రతి ఒప్పందంలోనూ వరుసలుంటాయి: ఏ పని, ఏ ఖాతా కింద, ఎంత సొమ్ము. ఆ పట్టికను షెడ్యూల్ ఆఫ్ వాల్యూస్ అంటారు. నెలనెలా బిల్లు దాని మీదే నడుస్తుంది. ఏ వరుసలో ఎంత పని అయిందో చూపితే, అందులో కొంత శాతం చివరిదాకా నిలిపి ఉంచి, మిగతాది చెల్లిస్తారు. వరుస లేదంటే బిల్లు లేదన్నమాటే.

ఈ వరుసలన్నీ ఒక సాఫ్టువేరులో ఉంటాయి. దానికి ఏపీఐ అనే పెరటి తలుపు ఒకటుంది. మనుషులు తెర మీద మీటలు నొక్కే పనిని ఆ తలుపు గుండా వెళ్ళి ప్రోగ్రాములు చేస్తాయి. చేర్చాలంటే పోస్ట్, తొలగించాలంటే డిలీట్. ఈ రెండింటి స్వభావాలూ వేరు. జవాబు రాలేదని డిలీట్‌ను పదిసార్లు పంపినా పోయేది ఒక్క వరుసే. పోస్ట్‌ను రెండుసార్లు పంపితే మాత్రం వరుసలు రెండవుతాయి. 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణంలోనూ, ఇప్పుడు అమల్లో ఉన్న 2022 నాటి ప్రమాణంలోనూ ఈ తేడా స్పష్టంగానే రాసి ఉంది. అది తెలిసీ, జవాబు ఆలస్యమైతే మళ్ళీ పంపేలా ప్రోగ్రాము రాసినవాణ్ణి నేనే.

ఫలితంగా ఒక ఒప్పందంలో నలభైకి పైగా జంట వరుసలు పుట్టుకొచ్చాయి. వాటిని ఏరివేయడానికి మరో ప్రోగ్రాము రాశాను. ఖాతా సంఖ్య, వివరణ, మొత్తం, మూడూ ఒకటే అయితే రెండోది నకలు అని నియమం పెట్టాను. నడిపాను. ప్రతి వరుసకూ 204 అనే జవాబు వచ్చింది. పని అయింది, చెప్పడానికేమీ లేదు అని దాని అర్థం. ఆ మౌనం నాకు మెచ్చుకోలులా వినిపించింది. హాయిగా నిద్రపోయాను.

మూడు వారాల తరువాత ఒక ఉత్తరం వచ్చింది. జిప్సం పలకలతో గోడలు కట్టే ఒక చిన్న కాంట్రాక్టరు భార్య రాసింది. లెక్కలన్నీ ఆవిడే చూస్తుందట. తాము రెండు మెట్ల గదులు కట్టామనీ, తెర మీద ఒకటే కనబడుతున్నదనీ, శుక్రవారం నలుగురు పనివాళ్ళకు కూలి ఇవ్వాలనీ ఆ ఉత్తరం సారాంశం. కోపమేమీ లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

తూర్పున ఒక మెట్ల గది, పడమర ఒక మెట్ల గది. కొలతలు ఒకటే, 4,800 డాలర్లూ ఒకటే. వివరణలో దిక్కు పేరు రాయలేదు. అప్పటికే బిల్లయిన వరుసయితే ఆ సాఫ్టువేరు తొలగించనిచ్చేది కాదు. ఇది బిల్లు కాబోతున్న వరుస.

తిరిగి చేర్చుదామంటే నా దగ్గర పాత వరుస ప్రతి లేదు. సంతకాలైన ఒప్పందపు కాగితాల్లోంచి వెదికి చేర్చాను. కొత్త వరుసకు కొత్త సంఖ్య వచ్చింది. ఖాతాల విభాగం మాత్రం పాత సంఖ్యనే పట్టుకుని ఉంది. ఆ ముడి విప్పేసరికి నెలసరి గడువు దాటిపోయింది. వాళ్ళ సొమ్ము మరుసటి నెలకు జరిగింది. ఆ శుక్రవారం కూలి ఎలా ఇచ్చారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మా నాన్నగారు రోడ్లు భవనాల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేశారు. ఇంట్లో బల్ల మీద ఆయన కొలతల పుస్తకం ఉండేది. పేజీలకు అచ్చు సంఖ్యలు. ఒక్క కాగితం చింపడానికి వీల్లేదు, ఒక్క అంకె చెరపడానికి వీల్లేదు. తప్పు పడితే అడ్డగీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకమూ తేదీ పెట్టాలి. రబ్బరుతో తుడిచేస్తే శుభ్రంగా ఉంటుంది కదా అని చిన్నప్పుడు అడిగాను. ఆయన నవ్వి, "కింది అంకె కనబడితే కొట్టివేతరా. కనబడకపోతే కొట్టేయడం" అన్నారు.

ఈ సంగతి ఫోనులో చెప్పాను. అంతా విని, "ఆ వరుస పక్కన సంతకం ఎవరిది?" అని ఒక్కటే అడిగారు. ఎవరిదీ లేదు.

ఇప్పుడు నా ప్రోగ్రాము దేన్నయినా తొలగించే ముందు దాన్ని పూర్తిగా చదివి దాచుకుంటుంది. ఎవరు అడిగారు, ఎందుకు, ఏ తేదీన అన్నవి పక్కన రాస్తుంది. జంటలను తానే తేల్చదు, జాబితా చేసి ఒక మనిషికి చూపిస్తుంది. సంతకాలైన ఒప్పందంలో పని తగ్గితే ఇక వరుసను తీసివేయము. చేంజ్ ఆర్డరు ద్వారా రుణ గుర్తుతో మరో వరుస చేరుస్తాము. పాతదీ కనబడుతుంది, తగ్గించినదీ కనబడుతుంది.

ఆ రాత్రి పోయిన వరుసలన్నిటినీ ఒప్పందపు కాగితాలతో పోల్చి ఒక పట్టికగా రాశాను. తక్కినవన్నీ నిజంగా నకళ్ళే. మెట్ల గది వరుస పక్కన తేదీ వేసి, నా పొట్టి సంతకం పెట్టాను.